టైగర్ మాఫీ

నేను పనిచేసే క్లినిక్కులో పులి ఎముకలు దొరుకుతాయని బహ్రెయిన్‌లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. తెలియనిది నాకూ, మా డాక్టరమ్మకే.

క్లినిక్కు బుదైయా వెళ్లే రోడ్డు మీద ఒక పాత విల్లా కింది అంతస్తులో ఉంది. డాక్టరమ్మ చైనావిడ. అరవై దాటిన మనిషి, పొట్టి, బక్కపలచన. సూదులు గుచ్చుతారు, వీపు మీద గాజు కప్పులు పెడతారు, వేళ్లూ బెరళ్లూ ఎండుపళ్లూ కలిపి కషాయం పొట్లాలు కట్టిస్తారు. నేను కాకినాడలో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చి, ఆవిడ క్లినిక్కులో రిసెప్షన్ బల్ల దగ్గర కుదిరాను. హిందీ, ఇంగ్లీషు వచ్చు. అరబ్బీ కూరగాయల కొట్టుకు సరిపడేంత వచ్చు. డాక్టరమ్మకు ఇంగ్లీషు ముక్కలుగా, అరబ్బీ అంతకంటే చిన్న ముక్కలుగా వచ్చు. ఆ ముక్కలన్నీ అతికించి రోగులకు తెలుగులోనో హిందీలోనో చెప్పడం నా ఉద్యోగం.

చేరిన కొత్తలో ఫోన్లు మామూలుగానే వచ్చేవి. నడుం నొప్పి, మెడ నొప్పి, నిద్ర పట్టకపోవడం. అపాయింట్‌మెంటు రాసుకున్నాక అవతలివాళ్లు గొంతు తగ్గించి, "మేడం, ఇంకోటుంది... మీ దగ్గర ఆ సరుకు ఉంటుందా?" అని.

"ఏ సరుకండీ?"

"అదేనండీ. అడవిది."

మొదటిసారి నాకు తేనె అనిపించింది. ఉందనే చెప్పాను. అతను మర్నాడే అమ్వాజ్ నుంచి టాక్సీ కట్టించుకుని వచ్చి, తేనె సీసా చూసి, నన్ను ఎంత మోసగత్తె అనుకున్నాడో మొహంలోనే కనబడింది.

తర్వాత్తర్వాత అర్థమైంది. కొందరికి పులి ఎముక కావాలి, కీళ్లకి. కొందరికి ఖడ్గమృగం కొమ్ము, జ్వరానికి. మధ్యవయసు మగవాళ్లకి ఏం కావాలో వాళ్లే చెప్పలేక, "మా ఫ్రెండుకి" అనేవాళ్లు. బహ్రెయిన్‌లో ఇంతమందికి ఇన్ని జబ్బులున్న స్నేహితులుండడం చూసి నాకు జాలేసేది. చైనా వైద్యం అంటే అడవిని దంచి పొడి చేయడమేనని వీళ్లకెవరు చెప్పారో తెలీదు. అడిగినవాళ్లలో చైనావాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అంతా మనవాళ్లే.

డాక్టరమ్మ దగ్గర అందరికీ ఒకటే సమాధానం. "టైగర్ మాఫీ. ఖలాస్." ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. ఈ దేశంలో కొంతకాలం ఉన్నవాళ్లందరికీ తెలిసిన మాటే. కానీ మా ఆయనతో పనిచేసే ఒకబ్బాయి నిజామాబాద్ నుంచి అప్పుడే కొత్తగా దిగాడు. మా ఆయన మీనా సల్మాన్‌లో కోల్డ్‌స్టోరేజీ గోదాముల దగ్గర మెషీన్లు చూస్తారు. ఆ అబ్బాయి నడుం పట్టేసి క్లినిక్కుకు వచ్చి, డాక్టరమ్మ మాట విని, బయటికొచ్చి నా బల్ల మీదికి వంగాడు.

"అక్కా, నిజమేనా? పులి మాఫీ అంటున్నది మీ డాక్టరు."

"అవును తమ్ముడూ, మాఫీయే."

"మొత్తం మాఫీయా, సగమా?"

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అప్పు మాఫీ అయినట్టు, పులి ఎముకకు డబ్బు మాఫీ చేశారనుకున్నాడు. నేను విడమరిచి చెప్పేసరికి అతని మొహం వాడిపోయింది. అప్పటికే ఊరికి ఫోన్ చేసేశాడట. "మా బాపుకు చెప్పిన గదక్కా, దుబాయిల పులి మాఫీ అయిందని. ఇప్పుడు ఏమని చెప్పాలె?" గల్ఫులో ఏ దేశమైనా వాళ్ల ఊరికి దుబాయే.

ఆ పొరపాటు గోదాములన్నీ తిరిగింది. మా ఆయనకు 'పులి భాయ్' అని పేరు స్థిరపడిపోయింది. కంపెనీ బస్సులో ముందు సీటు ఆయనకు వదిలేసేవాళ్లు. ఫోర్‌మన్ సొంత ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చేవాడు. లేదని చెప్పండి అంటే, "చెప్తూనే ఉన్నాను. ఎంత లేదంటే అంత మర్యాద చేస్తున్నారు. నేనేం చేయను?" అని టీ తాగినంత తృప్తిగా అనేవారు.

డాక్టరమ్మకు ఇవన్నీ చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. బోర్డు పెడదాం అన్నారు.

పెద్ద రంగుల బోర్డు. పులి, ఖడ్గమృగం, ఒళ్లంతా పొలుసులుండే అలుగు, ఎలుగుబంటి, సముద్రపు గుర్రం. ఒక్కో బొమ్మ మీద ఎర్ర రంగులో కొట్టివేత గుర్తు. కింద ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ, తెలుగు భాషల్లో: ఈ జంతువులతో చేసిన మందులు మేం వాడం, ఇవి అంతరించిపోతున్నాయి, దయచేసి అడగవద్దు. తెలుగు వాక్యం నేనే రాసిచ్చాను. రాసేటప్పుడు 'దయచేసి' ఉంచాలా తీసేయాలా అని చాలాసేపు ఆలోచించాను కూడా.

ప్రింటింగ్ షాపువాడు మంచివాడు. బోర్డు క్లినిక్కుది కదా అని, మేం అడిగిన ఇంటూ గుర్తు తీసేసి, ప్రతి జంతువు మీదా చక్కగా ఎర్ర ప్లస్ గుర్తు వేశాడు. నా తెలుగు వాక్యం వాడి కంప్యూటర్‌కి అందక డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. హిందీ వాక్యం చీమల్లా చిన్నది. డాక్టరమ్మ దూరంగా నిలబడి చూసి, రంగులు బాగా పడ్డాయన్నారు. గోడకు తగిలించేశాం.

మర్నాటినుంచి జనం అడగడం మానేశారు. వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు.

"ఇది ఉందన్నమాట," అన్నాడు ఒకాయన అలుగు మీద వేలు పెట్టి. "ఇన్నాళ్లూ లేదన్నారేంటండీ?"

"లేదండీ. అక్కడ రాసింది అదే."

"ఎర్ర ప్లస్సంటే మందే కదా మేడం. అంబులెన్సు మీద ఉండదూ?"

ఇంకొకావిడ సముద్రపు గుర్రాన్ని చూసి ఇది వేడి చేస్తుందా, చలవ చేస్తుందా అని అడిగింది. బోర్డులో లేని జంతువులేమైనా కావాలంటే ఆర్డరు మీద తెప్పిస్తారా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. మధ్యాహ్నం క్లినిక్కు మూసే వేళకు, బోర్డు పెట్టకముందు ఎన్నడూ చెప్పనన్ని జంతువులు లేవని చెప్పి నా గొంతు పోయింది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. తనంతట తనే చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ ముక్కల ఇంగ్లీషును నాకు అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ తాతగారికి మందుల కొట్టుండేదట. చిన్నప్పుడు ఆ కొట్లో నిజంగానే పులి ఎముకలుండేవి. పులి ముందుకాలి ఎముకకు మోచేతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుందని, దాన్ని వాళ్లు 'కన్ను' అంటారని, తాతగారు ఆ కన్నులోంచి వెలుతురు చూపించేవారట. "నాకు అప్పుడు పులి అంటే ఎముకే. తోలు, మీసాలు, నడక ఉంటాయని తెలీదు." తర్వాత కాలేజీలో చేరారు. కొన్నేళ్లకు చట్టం మారింది, పాఠాలు మారాయి. ఖడ్గమృగం కొమ్ము బదులు నీటిగేదె కొమ్ము వాడడం నేర్పారు.

ఆ తర్వాత ఆవిడ తల్లికి జబ్బు చేసింది. పెద్ద జ్వరం. ఆ తల్లి మందుల కొట్టులో పెరిగిన మనిషి. నాకు కొమ్ము కావాలి, మా నాన్న కొట్లో ఉండేది, అదే కావాలి అని పట్టు పట్టింది.

"ఇచ్చారా?" అన్నాను.

"గేదె కొమ్ము అరగదీసి ఇచ్చాను."

"ఖడ్గమృగం అని చెప్పారా?"

"లేదు. గేదె అని చెప్పాను. అమ్మ తిట్టింది. ఇంత చదివించింది గేదె కోసమా అంది." డాక్టరమ్మ గ్లాసులో నీళ్లు ఊదుకున్నారు. "తర్వాత తాగింది. నువ్వు అరగదీశావు కాబట్టి తాగుతున్నా అంది."

తల్లి బతికిందా అని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. మర్నాడు ఎర్ర రంగు మార్కరు తెచ్చి, కుర్చీ ఎక్కి, ప్రతి ప్లస్సు మీదా ఇంటూ గీశారు. దాంతో గుర్తులన్నీ నక్షత్రాల్లా తయారయ్యాయి. జనం వాటిని స్పెషల్ ఐటమ్స్ అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తెలుగువాళ్ల సంఘం అధ్యక్షులవారు మోకాలి నొప్పితో వచ్చారు. పెద్ద కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు. గుంటూరు వైపు మనిషి. తెల్లని చొక్కా, వెండి ఫ్రేము కళ్లజోడు, ఎక్కడ మైకు కనబడినా దాన్ని ఖాళీగా వదలని స్వభావం. వెనకాల ఆయన భార్య, మందుల సంచీ, నీళ్ల సీసా, ఆయన కోటు మోసుకుంటూ వచ్చారు. ఆవిడ ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండేది. సంచీ బరువుకనుకున్నాను.

ఆయన గోడ మీద బోర్డు చూసి ఆగిపోయారు. కళ్లజోడు సర్దుకుని, ఆ చీమల హిందీ కూడా పూర్తిగా చదివారు. ఆ బోర్డును చదివిన మొదటి మనిషి ఆయనే.

"అద్భుతం," అన్నారు. "ఇలాంటి అవగాహన మనవాళ్లలో రావాలమ్మా. వచ్చే శుక్రవారం సంఘంలో పిల్లలకు బొమ్మల పోటీ పెడుతున్నాం. 'పులిని కాపాడుకుందాం' అని. మీ డాక్టర్‌గారిని ముఖ్య అతిథిగా తీసుకురా."

నాకు కళ్లు చెమర్చినంత పనైంది. డాక్టరమ్మకు చెబితే, ఆవిడ ఆ శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ చేసిన నీలం కోటు వేసుకుని తయారయ్యారు. ఆవిడ సూదులు వదిలి బయటికి రావడం అదే మొదటిసారి చూశాను.

హాలు నిండా నారింజ రంగు పులులు. కొన్నిటికి ఐదు కాళ్లు. ఒక పాప గీసిన పులి లిప్‌స్టిక్ వేసుకుంది. డాక్టరమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, రోగి నాలుక చూసినంత శ్రద్ధగా చూశారు. అధ్యక్షులవారి ప్రసంగం చాలా బాగుంది. పులి లేని అడవి తల్లి లేని ఇల్లు అన్నారు. మనిషి స్వార్థం కోసం మూగజీవాలను చంపడం మహాపాపం అన్నారు. తాను పుట్టినప్పటినుంచి గుడ్డు కూడా ముట్టలేదని చెప్పారు. చప్పట్లు మోగాయి. నేను మాటకు మాట డాక్టరమ్మ చెవిలో చెప్పాను. ఆవిడ తలాడిస్తూ, "గుడ్ మాన్. వెరీ గుడ్ మాన్," అన్నారు.

తర్వాత పక్కగదిలో మాకు ఇడ్లీ, మిరపకాయ బజ్జీ పెట్టారు. అధ్యక్షులవారు తలుపు దగ్గరికి వేసి వచ్చి మా పక్కన కూర్చున్నారు.

"అమ్మాయ్, ఇప్పుడు డాక్టర్‌గారిని మెల్లగా అడుగు. ఈ మోకాలికి ఆ పులి ఎముక కొంచెం..."

నా చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. "సార్, ఇప్పుడేగా మీరు..."

"అది సమాజానికమ్మా. ఇది మోకాలు."

"మీరు గుడ్డు కూడా తినరు కదండీ?"

"మందుకు దోషం లేదు. మందు వేరు, భోజనం వేరు. ఆ మాత్రం తెలీదా? పైగా నేనేమన్నా కొత్తగా చంపమంటున్నానా? ఆల్రెడీ పోయిన పులి ఎక్కడన్నా ఉంటే, దానిది."

డాక్టరమ్మకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయనే ఆవిడవైపు తిరిగి 'టైగర్' అన్నారు, మోకాలు ఆయనే చూపించారు. ఆవిడ ప్లేటు కింద పెట్టారు.

"టైగర్ మాఫీ."

ఆయన నవ్వి, నాకు కన్ను గీటారు. "అర్థమైంది. ఇక్కడ జనం ఉన్నారు. క్లినిక్కులో మాట్లాడుకుందాం."

తిరిగి కారులో వచ్చాం. దిగేటప్పుడు డాక్టరమ్మ, ఆ లిప్‌స్టిక్ పులికి బహుమతి వచ్చిందా అని అడిగారు. రాలేదని చెప్పాను. అదే అన్నిటికన్నా మంచిది అన్నారు.

అధ్యక్షులవారు క్లినిక్కుకు రాలేదు. ఫోన్ చేస్తే సూదులు వద్దన్నారు, కషాయం చేదన్నారు. కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం కనబడ్డారు. నడక చాలా హుషారుగా ఉంది. చంకలో పట్టుగుడ్డలో చుట్టినదేదో పట్టుకున్నారు. వెనకాలే భార్య, మళ్లీ సంచీతో, సీసాతో, కోటుతో.

ఆ వేళకు రోగుల్లో ఒక్క హజ్జీయే మిగిలారు. ఆయన హజ్ యాత్ర చేసొచ్చిన ఇక్కడి పెద్దమనిషి. బుదైయాలో ఖర్జూర తోట ఉంది. ఒకప్పుడు ఒంటెలు పెంచేవారట. భుజానికి వారం వారం సూదులు వేయించుకుని, వరండాలో కాసేపు విశ్రాంతి తీసుకుని వెళ్తారు.

అధ్యక్షులవారు నా బల్ల మీద పట్టుగుడ్డ విప్పారు. లోపల పెద్ద ఎముక. పైభాగం కోసేసి ఉంది.

"మీరివ్వకపోతే దొరకదనుకున్నారా? మనామాలో ఒక హోటల్లో దిగిన వ్యాపారి దగ్గర సంపాదించాను. ఒరిజినల్. పైనుంచి కొంచెం పొడి కొట్టించి రోజూ పొద్దున తేనెలో తీసుకుంటున్నాను. చూడు." ఆయన గోడ పట్టుకోకుండా రెండు గుంజీలు తీసి చూపించారు. "డాక్టర్‌గారు మిగిలింది చూసి, దేంతో కలిపి కాచాలో చెబితే చాలు. అంతకన్నా నేనేం అడగను."

డాక్టరమ్మ లోపలినుంచి వచ్చి ఎముకను చూశారు. ఆవిడ మొహం పాలిపోయింది. కాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నారు. నాతో మెల్లగా అన్నారు: "ఇది నిజమైతే నేను పోలీసుకు ఫోన్ చేస్తాను. నువ్వు ఆయనకు చెప్పు."

నేను చెప్పలేదు. ఆ మాటను తెలుగులో ఎంత మర్యాదగా చెప్పొచ్చా అని వెతుక్కుంటున్నాను. ఈలోగా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఎముక కింది చివరను దీపం కిందికి తిప్పారు. అక్కడ రంధ్రం ఉంది. తాతగారు చూపించిన 'కన్ను'.

ఆవిడ చిటికెన వేలు ఆ రంధ్రం అంచు చుట్టూ తిప్పారు. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కుర్చీలో కూర్చుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు.

"డ్రిల్!" అన్నారు. "డ్రిల్ మెషీన్!"

నేనూ వంగి చూశాను. గోడకు మేకు కొట్టేముందు పెట్టే రంధ్రంలా గుండ్రంగా, లోపల మరచుట్టలతో సహా ఉంది. పులికి కన్ను ఉండాలని ఆ వ్యాపారికి తెలుసు. పుట్టుకతో రావాలని తెలియనట్టుంది.

"ఏమంటున్నారు? ఎందుకా నవ్వు?" అన్నారు అధ్యక్షులవారు.

నవ్వు విని వరండాలోంచి హజ్జీ వచ్చారు. బల్ల మీద ఎముక చూసి, చేత్తో ఎత్తి బరువు చూసి, ఇందులో పెద్ద విషయమేముందన్నట్టు పెట్టేశారు.

"జమల్," అన్నారు. తర్వాత నాకు అర్థమవుతుందో లేదోనని హిందీలో, "ఊంట్ హై. మా తోటలో కుక్కలకు వేసేవాళ్లం. దీనికి పట్టుగుడ్డ ఎందుకు కట్టారు?"

ఇక తెలుగులోకి మార్చక తప్పలేదు. "సార్, ఇది ఒంటెదటండీ."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. చేత్తో నోరు మూసుకున్నారు. "ఒంటెనా? నేను... ఒంటెను తిన్నానా? రామ రామ. పొద్దున్నే, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని మరీ..." ఒక్కసారి భార్యవైపు తిరిగారు. "చూశావుటే? నా చేత మాంసం తినిపించారు! పుట్టి బుద్ధెరిగాక ముట్టని వాణ్ణి!"

ఆవిడ అంతవరకూ నోరు విప్పి మాట్లాడగా నేను వినలేదు. కోటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, మామూలు గొంతుతో అన్నారు:

"అయితే పులి ఏమన్నా కందగడ్డా అండీ?"

హజ్జీకి తెలుగు రాకపోయినా ఆ మాట ఎటు తగిలిందో తెలిసినట్టుంది. గడ్డం నిమురుకుంటూ గోడవైపు తిరిగారు. అధ్యక్షులవారికి జీవితంలో మొదటిసారి మైకు అక్కర్లేకపోయింది. కాసేపటికి, మోకాలు మళ్లీ పట్టేసిందని, లేవలేకపోతున్నానని అన్నారు. ఇందాక గుంజీలు తీసిన మోకాలే. ఒంటె అని తెలిసిన క్షణం నుంచి అది పనిచేయడం మానేసింది.

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని ఆయన్ని లోపలికి నడిపించారు. సూదులు వేశారు. ఈసారి ఆయన వద్దనలేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. అధ్యక్షులవారు తన అనుభవాన్ని దాచుకుంటారనుకున్నాను. కానీ ఆయన స్వభావం మాట్లాడే స్వభావం. దాచుకోలేకపోయారు. "నా స్నేహితుడొకాయన ఉన్నాడు" అని మొదలుపెట్టి, సంఘం మీటింగులో, పెళ్లిరోజు విందులో, గుడిలో ప్రసాదం లైనులో చెప్పారు. గల్ఫులో దొరికే పులి అంతా ఒంటేనని, స్వయంగా చైనా డాక్టరు పరీక్ష చేసి తేల్చిందని. చెప్పేకొద్దీ ఆ స్నేహితుడు మరీ అమాయకుడయ్యాడు, వ్యాపారి మరీ దుర్మార్గుడయ్యాడు. లేబర్ క్యాంపులకు చేరేసరికి ఒంటె గాడిదైంది, గాడిద కుక్కైంది. నిజామాబాద్ అబ్బాయి ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, పులి పేరు మీద పిల్లి అమ్ముతున్నరట గదా, నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే తమ్ముడూ," అన్నాను. ఆ ఒక్క సంగతిలో నేను కాస్త ఉదారంగా ఉన్నాను.

అడవి సరుకు కోసం ఫోన్లు తగ్గాయి. తర్వాత దాదాపు ఆగిపోయాయి. అలుగు కావాలన్నవాళ్లు, అది చేప పొలుసేమోనని వాళ్లకు వాళ్లే అనుమానపడి ఫోన్ పెట్టేసేవాళ్లు. మా ఆయనకు బస్సులో ముందు సీటు పోయింది. ఫోర్‌మన్ ఫ్లాస్కు మూత మళ్లీ బిగించాడు. కొన్నాళ్లు ఆయన దిగులుగా ఉన్నారు. "నువ్వు కాస్త మెల్లగా బయటపెట్టాల్సింది," అన్నారు నాతో.

డాక్టరమ్మకు సంతోషంగా ఉంటుందనుకుని ఈ కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ పొట్లాలు కడుతూ విన్నారు.

"అయితే పులి మీద జాలితో ఆపలేదు."

"లేదండీ. ఒంటె మీద అసహ్యంతో ఆపారు."

ఆవిడ ఆలోచించారు. "బోర్డుకు ఎంతైంది?" అని అడిగి, నేను చెప్పేలోపే చేయి ఊపి వద్దన్నారు. మర్నాడు బోర్డు దింపి, వెనక గదిలో గోడకు ఆనించి పెట్టాం. దాని స్థానంలో క్యాలెండరు తగిలించాం. ఆ ఏడాదికి అందులో కొండలూ మబ్బులూ తప్ప ఏ జంతువూ లేదు.

అధ్యక్షులవారు వారం వారం వస్తున్నారు. సూది కనబడితే కళ్లు మూసుకుంటారు. డాక్టరమ్మ ఆయన్ని రోజూ నడవమన్నారు, బరువు తగ్గమన్నారు, సాయంత్రం పూట స్వీట్లు మానమన్నారు. పులి ఎముక ఇంతకన్నా తేలిక అని ఆయన బాధ. అయినా మోకాలు కొంచెం కొంచెంగా మాట వింటోంది.

మూడో నాలుగో వారం అనుకుంటాను, ఆయన పడుకుని ఉండగా డాక్టరమ్మ బయటికి వచ్చి, ఎప్పటిలా కోటూ సంచీ పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్న ఆయన భార్య ముందు నిలబడ్డారు. ఆవిడ ఎడమ భుజం వైపు చూశారు. నన్ను పిలిచి, అడగమన్నారు.

"అమ్మా, మీకు ఆ భుజం ఎప్పటినుంచి నొప్పి అని అడుగుతున్నారండీ."

ఆవిడ కంగారుపడ్డారు. "నాకా? నాకేం లేదమ్మా. అలవాటైపోయింది."

"ఎప్పటినుంచి అలవాటైంది అని అడుగుతున్నారు."

ఆవిడ లెక్క వేసుకోబోయి, లెక్క దొరకక నవ్వేశారు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు తల్లీ. నేను చెప్పనూ లేదు."

డాక్టరమ్మ ఆవిడ చేతిలోంచి సంచీ తీసి నా బల్ల మీద పెట్టారు. కోటు తీసి కొక్కేనికి తగిలించారు. రెండో గదిలోకి తీసుకెళ్లి, పడుకోబెట్టి, దుప్పటి కప్పి, భుజం మీద సూదులు వేసి, దీపం తగ్గించారు. కాసేపటికి నేను తొంగి చూస్తే, ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నారు.

అధ్యక్షులవారు తన సూదులు తీయించుకుని బయటికొచ్చి, నీళ్ల సీసా కోసం అటూ ఇటూ చూశారు. "మా ఆవిడేదమ్మా? వెళ్లాలి, ఆలస్యమవుతోంది."

"పడుకున్నారు సార్. లేపకూడదన్నారు డాక్టర్‌గారు."

"ఎంతసేపు?"

నేను లోపలికి వెళ్లి అడిగి వచ్చాను. "ఆవిడంతట ఆవిడ లేచేవరకూ అన్నారు."

ఆయన ఏదో అనబోయి, లోపలినుంచి సన్నగా వినబడుతున్న గురక విని ఆగారు. కొక్కేనికి ఉన్న కోటు చూశారు, నా బల్ల మీద సంచీ చూశారు. తర్వాత సంచీ తీసుకుని ఒళ్లో పెట్టుకుని, భార్య కూర్చున్న కుర్చీలో కూర్చున్నారు. నేను ఫోన్ రింగు తగ్గించి, ఆయనకు ఒక గ్లాసులో వేడినీళ్లు పోసిచ్చాను.